నెలలు నిండని బిడ్డకు గాలిగొట్టం వేస్తే నోటికి, పళ్లకు ఏమవుతుంది?

బీబీపేట లాంటి మండల కేంద్రంలో ఏడో నెలలోనే నొప్పులు మొదలైతే కుటుంబానికి కనిపించే దారి ఒకటే. 108 బండి ఎక్కి కామారెడ్డి, అక్కడ కుదరకపోతే నిజామాబాద్, లేదంటే 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్. ఎల్లారెడ్డి వైపు ఊళ్లవాళ్లకు ఈ దూరం ఇంకా ఎక్కువ. బిడ్డ పుట్టిన కాసేపటికే డాక్టర్ బయటకొచ్చి "ఊపిరి అందడం లేదు, పైపు వేయాలి, సంతకం పెట్టండి" అంటారు. ఆ క్షణంలో పళ్ల గురించి ఎవరికీ గుర్తు రాదు. రావాల్సిన పని కూడా లేదు.

పళ్ల సంగతి ఏడాది, ఏడాదిన్నర తర్వాత వస్తుంది. బిడ్డ నవ్వితే పై ముందు పన్ను గుంటపడి, పసుపుగా, అంచు విరిగినట్టు కనిపిస్తుంది. లేదా ఏడాది దాటినా ఒక్క పన్నూ రాదు. అన్నం ముద్ద పెడితే ఓకరిస్తుంది. అప్పుడు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని ఒకరు, సరిగ్గా తినలేదని ఇంకొకరు. మాట చివరికి తల్లి మీదికే పోతుంది. అసలు కారణం చాలాసార్లు డిశ్చార్జ్ కాగితంలో ఒక్క లైనులో రాసి ఉంటుంది: ఇన్ని రోజులు వెంటిలేటర్.

గొట్టం ఎందుకు వేస్తారు?

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. మన ఇళ్లల్లో సత్‌మాసా అనే మాట ఉండనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1.34 కోట్ల మంది ఇలా పుట్టారు. అందులో దాదాపు 30 లక్షల మంది భారతదేశంలోనే.

ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే జారుడు పదార్థం కాపాడుతుంది. కడుపులో బిడ్డకు 34, 35 వారాలు వచ్చేసరికి గానీ ఇది చాలినంత తయారవదు. అది లేని బిడ్డ ప్రతి శ్వాసకూ కొత్త బెలూన్ ఊదినంత కష్టపడుతుంది, కొన్ని గంటల్లో అలసిపోతుంది. అందుకే నోటి నుంచి గానీ ముక్కు నుంచి గానీ శ్వాసనాళంలోకి సన్నటి గొట్టం దించి మెషిన్‌తో గాలి పంపుతారు. సర్ఫాక్టెంట్ మందును కూడా ఆ గొట్టంలోంచే వేస్తారు. కిలో లోపు బిడ్డకు వాడే గొట్టం లోపలి వెడల్పు 2.5 మిల్లీమీటర్లు, కిలో నుంచి రెండు కిలోల మధ్య ఉంటే 3 మిల్లీమీటర్లు. మనకు జ్యూస్ ప్యాకెట్ స్ట్రా అంత. ఆ నోటికి మాత్రం అది పెద్ద వస్తువే.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి ఒక కొడుకు పుట్టాడు. పేరు ప్యాట్రిక్. ఐదున్నర వారాలు ముందు పుట్టిన ఆ బిడ్డ ఇదే జబ్బుతో 39 గంటలకు చనిపోయాడు. అధ్యక్షుడి బిడ్డకు కూడా అప్పుడు ఇవ్వడానికి సర్ఫాక్టెంట్ మందు లేదు, ముక్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ పద్ధతీ రాలేదు. ఇప్పుడు అంత ముందుగా పుట్టిన పిల్లలు చాలామంది బతికి ఇంటికి వస్తున్నారు. కాబట్టి కింద చెప్పే విషయాలు చదివి "అయితే పైపు వద్దు" అనుకోవద్దు. పన్నుకు వచ్చే నష్టాన్ని సరిదిద్దుకోవచ్చు. ఊపిరి ఆగితే అది కుదరదు.

అంగిలి మీద గాడి

పుట్టిన బిడ్డ అంగిలి మైనంలాంటిది. ఎట్లా నొక్కితే అట్లా మారుతుంది. మామూలుగా బిడ్డ నాలుక పైకి తగులుతూ, చప్పరిస్తూ ఉంటుంది. ఆ ఒత్తిడికే అంగిలి విశాలంగా తయారవుతుంది. నోట్లో గొట్టం రోజుల తరబడి ఉంటే నాలుక పైకి తగలదు. పైగా గొట్టం మధ్యలో ఆనుకుని ఉంటుంది. రెండు పక్కలా ఎముక పెరుగుతూ మధ్యలో గాడి మిగిలిపోతుంది. ఒక్కోసారి పై చిగురు ముందు భాగంలో గొట్టం ఆనిన చోట చిన్న నొక్కు కూడా పడుతుంది. పొట్టలోకి పాలు పంపడానికి నోటి నుంచి వేసే ఫీడింగ్ ట్యూబ్ కూడా ఎక్కువ రోజులు ఉంటే దీనికి తోడవుతుంది.

ఈ గాడిని చూసి చాలామంది గ్రహణం మొర్రి అనుకుంటారు. రెండూ వేరు. గ్రహణం మొర్రి కడుపులో మొదటి మూడు నెలల్లోనే, పెదవి, అంగిలి అతుక్కోవాల్సిన సమయంలో అతుక్కోకపోవడం వల్ల వస్తుంది. పేరులో గ్రహణం ఉన్నా గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. గొట్టం వల్ల వచ్చేది పుట్టాక పడిన గాడి. అంగిలి మూసుకునే ఉంటుంది, పాలు ముక్కులోకి రావు. చాలా రోజులు గొట్టంతో ఉన్న పిల్లల్లో అంగిలికి నిజంగానే చీలిక పడటం వైద్య పత్రికల్లో నమోదైంది గానీ అది చాలా అరుదు. పాలు తాగేటప్పుడు ముక్కులోంచి వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

గొట్టం తీసేశాక, బిడ్డ చప్పరించడం మొదలుపెట్టాక చాలామందిలో గాడి నెమ్మదిగా పూడుతుంది. కొందరిలో అంగిలి ఎత్తుగా, ఇరుకుగా మిగిలిపోతుంది. అట్లాంటి పిల్లలకు తర్వాత పై పళ్ల వరుస కింది వరుస కంటే లోపలికి పడే అవకాశం ఉంది. ఇంక్యుబేటర్‌లో తల ఎప్పుడూ ఒక పక్కకే తిప్పి ఉంటే నెలలు నిండని పిల్లల తల పొడుగ్గా, సన్నగా అవుతుంది, దాంతో కూడా అంగిలి ఇరుకవుతుంది. కాబట్టి అన్నీ గొట్టం ఖాతాలోనే రాయడం సరైన లెక్క కాదు.

ఎడమ పక్క పన్నే ఎందుకు?

బిడ్డ నవ్వులో పన్ను కనపడేది ఆరు నెలల తర్వాతే అయినా, అది తయారవడం కడుపులో నాలుగో నెల నుంచే మొదలవుతుంది. పై ముందు పళ్ల ఎనామెల్ నెలలు నిండి పుట్టిన బిడ్డలో పుట్టేసరికి చాలావరకు పూర్తై, ఇంకో నెలన్నరలో ముగుస్తుంది. 28 వారాలకే పుట్టిన బిడ్డ చిగురులో ఆ పని సగంలో ఉంటుంది. చిగురు కింద మెత్తటి ఎముకలో, కాస్త లోతులోనే, ఆ పన్ను మొలక ఉంటుంది.

గొట్టం వేసేటప్పుడు డాక్టర్ లారింగోస్కోప్ అనే లైటున్న పరికరంతో నాలుకను పక్కకు జరిపి గొంతు చూస్తారు. ఆ పరికరాన్ని ఎడమచేత్తో పట్టుకునేట్టే తయారుచేస్తారు. పళ్లు లేని నోట్లో దాని బ్లేడు పై చిగురుకు తగిలితే ఆ ఒత్తిడి కింద ఉన్న మొలక మీద పడుతుంది. 1980ల్లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పిల్లల దంత వైద్యులు తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను పరిశీలించినప్పుడు గొట్టం వేయించుకున్నవాళ్లలో ఎనామెల్ లోపాలు చాలా ఎక్కువగా కనిపించాయి. అవి పై ముందు పళ్లలో, అందులోనూ ఎడమ పక్క ఎక్కువ ఉండటంతో పరికరం ఒత్తిడే కారణమని తేల్చారు. ఒకటికి రెండుసార్లు గొట్టం మార్చాల్సి వస్తే ఆ అవకాశం పెరుగుతుంది.

ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పని అయిపోగానే పోతాయి. చర్మం గీసుకుంటే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్‌కు ఆ భాగ్యం లేదు. ఏర్పడేటప్పుడు పడిన గుంట పన్ను ఉన్నంతకాలం ఉంటుంది. అరుదుగా మొలకే వంగిపోయి పన్ను వంకరగా వస్తుంది, లేదా చిగురులోనే ఆగిపోతుంది.

గొట్టం ఒక్కటే దోషి కాదు. కడుపులో చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి బిడ్డకు కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువగా అందుతాయి. ముందే పుట్టిన బిడ్డకు ఆ వాటా అందదు. తర్వాత ఇన్ఫెక్షన్లు, కామెర్లు, పాలు సరిగ్గా ఇమడకపోవడం. ఈ కారణాల వల్ల వచ్చే లోపం ఒక పన్నుకే పరిమితం కాదు, రెండు పక్కలా సమానంగా, చాలా పళ్ల మీద కనిపిస్తుంది. ఒక్క ఎడమ పై పన్ను మీదే ఉంటే గొట్టం మీద అనుమానం ఎక్కువ.

రంగు చూసి కంగారు పడే ముందు

నెలలు నిండని పిల్లలకు నెలల తరబడి ఐరన్ చుక్కలు ఇస్తారు. వాటివల్ల పళ్ల పైన నల్లటి చారలు పడతాయి. ఇది పై మరక మాత్రమే, డెంటిస్ట్ శుభ్రం చేస్తే పోతుంది. దీనికి భయపడి చుక్కలు ఆపేసే ఇళ్లు ఉన్నాయి. అట్లా చేస్తే రక్తం తగ్గుతుంది, మరక కంటే అది పెద్ద నష్టం. చుక్కలు నాలుక వెనక భాగంలో వేసి, తర్వాత తడి గుడ్డతో పళ్లు తుడిస్తే చాలు.

పుట్టిన కొత్తలో కామెర్లు తీవ్రంగా, ఎక్కువ రోజులు ఉన్న కొందరి పాల పళ్లు ఆకుపచ్చ ఛాయతో వస్తాయి. అది పన్ను లోపలి రంగు, తోమితే పోదు. నల్గొండ పేరు చెప్తే గుర్తొచ్చే ఫ్లోరోసిస్ మరకలు ఎక్కువగా శాశ్వత పళ్ల మీదే కనిపిస్తాయి, అదీ రెండు పక్కలా. ఏడాది బిడ్డ ఒక్క పన్ను మీద గుంట ఉంటే నీళ్లను అనుమానించే ముందు ఆసుపత్రి కాగితం తీసి చూడాలి.

ఎనామెల్ పలచగా ఉన్న పన్ను పుచ్చిపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. రాత్రి పాలసీసాలో చక్కెర కలిపి నోట్లో పెట్టి పడుకోబెడితే కొన్ని నెలల్లోనే నల్లబడి, నొప్పి, చీము వరకు పోతుంది. నొప్పి ఉన్న బిడ్డ తినదు. తినకపోతే అసలే తక్కువగా ఉన్న బరువు పెరగదు. "పాల పళ్లే కదా, ఊడిపోతాయి" అనే మాట ఇక్కడే దెబ్బ కొడుతుంది.

పళ్లు రావడం లేదా? ముందు లెక్క వేయండి

నెలలు నిండని బిడ్డ వయసును రెండు రకాలుగా చూడాలి. పుట్టిన రోజు నుంచి లెక్కించేది ఒకటి. ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని తీసేసి చూసేది రెండోది. దీన్ని సవరించిన వయసు అంటారు. నిండు కాలం 40 వారాలు. 30 వారాలకు పుట్టిన బిడ్డ అంటే 10 వారాలు, దాదాపు రెండున్నర నెలలు ముందు. ఆ బిడ్డకు ఇప్పుడు 9 నెలలు ఉంటే సవరించిన వయసు ఆరున్నర నెలలే. పక్కింటి 9 నెలల బిడ్డకు నాలుగు పళ్లు వచ్చాయని పోల్చడం కుదరదు. పెద్దవాళ్లు చాంద్ నెలలతో లెక్కపెట్టే ఇళ్లల్లో ఇంకో తేడా ఉంది. 40 వారాలు అంటే 280 రోజులు, చాంద్ ప్రకారం తొమ్మిదిన్నర నెలలు. తేదీలు డాక్టర్‌కు ఇంగ్లిష్ క్యాలెండర్‌లోనే చెప్పడం మంచిది.

మామూలుగా మొదటి పన్ను ఆరు నుంచి పది నెలల మధ్య కింద వరుసలో వస్తుంది. సవరించిన వయసు ఏడాది దాటినా ఒక్క పన్నూ లేకపోతే పిల్లల దంత వైద్యుడికి చూపించాలి. పన్ను వచ్చినా రాకపోయినా మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి చూపించుకోవడం మేలు.

తినడం, గొంతు, పలుకు

వారాల తరబడి నోట్లోకి వచ్చినవన్నీ బాధ పెట్టినవే అయితే బిడ్డ ఏం నేర్చుకుంటుంది? నోటి దగ్గరికి ఏది వచ్చినా తల తిప్పుకోవడం నేర్చుకుంటుంది. స్పూన్ చూస్తే ఏడుపు, ముద్ద పెడితే ఓకరింపు. దీన్ని మొండితనం అనుకుని ముక్కు మూసి తాగించడం, బలవంతంగా కుక్కడం మాత్రం చేయొద్దు. దానివల్ల భయం ఇంకా ముదురుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. స్పీచ్ థెరపిస్టులు దీనికి కూడా శిక్షణ ఇస్తారు. పెదవుల చుట్టూ మెల్లగా తాకడం, అమ్మీ వేలు చప్పరించనివ్వడం, చేతులు కడిగి ఆహారాన్ని దానంతట దాన్ని ముట్టుకోనివ్వడం వంటివి నేర్పుతారు.

గొట్టం తీశాక కొన్ని రోజులు ఏడుపు బొంగురుగా ఉండటం సాధారణమే. వారాలు గడిచినా తగ్గకపోయినా, గాలి పీల్చేటప్పుడు ఈలలాంటి శబ్దం వస్తున్నా గొంతు లోపల దారి ఇరుకై ఉండొచ్చు. ఇది డెంటిస్ట్ పని కాదు, ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి, అదీ త్వరగా. చాలా ఎత్తైన, ఇరుకైన అంగిలి ఉన్న పిల్లలకు నాలుక కొనను పైన ఆనించి పలికే అక్షరాలు కొంత ఆలస్యం కావచ్చు. ఉర్దూలో తే, దాల్, లామ్, నూన్ ఆ కోవలోవే. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఇళ్లల్లో ఆ రోజు దాకా ఆగకుండా, మూడేళ్లకు మాట స్పష్టం కాకపోతే ముందే వినికిడి పరీక్ష, స్పీచ్ పరీక్ష రెండూ చేయించాలి.

తహ్నీక్, ఘుట్టీ విషయం

బిడ్డ పుట్టగానే ఖర్జూరం మెత్తగా చేసి అంగిలికి రాయడం మన ఇళ్లల్లో ఉన్నదే. కొందరు శహద్ నాకిస్తారు, కొందరు ఘుట్టీ పోస్తారు. నోట్లో గొట్టం ఉన్న బిడ్డకు గానీ, ఇంకా ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డకు గానీ డాక్టర్ అనుమతి లేకుండా నోట్లో ఏదీ పెట్టకూడదు. ఒక్క చుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా, చిన్న ఇన్ఫెక్షన్ అంటినా ఆ బిడ్డ తట్టుకోలేదు. ఇంటికి వచ్చాక తహ్నీక్ ఎప్పుడు, ఎట్లా అన్నది ముందు పిల్లల డాక్టర్‌ను, తర్వాత మీ ఆలిమ్ సాబ్‌ను అడిగి నిర్ణయించుకోవచ్చు. తేనె మాత్రం ఏ బిడ్డకైనా ఏడాది నిండే దాకా వద్దు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసిపిల్లల కండరాలను చచ్చుబరిచే బాటులిజం అనే జబ్బు తెస్తుంది. చెవిలో అజాన్‌కు ఏ గొట్టమూ అడ్డు కాదు. చేతులు కడుక్కుని, నర్సును అడిగి మెల్లగా చెప్పుకోవచ్చు.

ఆ రోజుల్లో బిడ్డ నోటికి అందించగల మంచి వస్తువు ఒకటి ఉంది. తల్లి మొదటి పాలు. గొట్టం ఉన్నా సరే, దూదితో ఒకటి రెండు చుక్కలు చెంపల లోపల రాసే పద్ధతి చాలా ఎన్‌ఐసీయూల్లో ఉంది. నర్సులను అడగాలి.

ఆసుపత్రిలో తగ్గించగలిగింది

గొట్టం ఎంత తక్కువ రోజులు ఉంటే నోటికి అంత మేలు. అందుకే వీలైన చోట ఇప్పుడు గొట్టం బదులు ముక్కు దగ్గర పెట్టే సీప్యాప్ వాడుతున్నారు. దానివల్ల ముక్కు రంధ్రాల మధ్య చర్మం పుండు పడొచ్చు, నర్సులు దాన్ని గమనిస్తూ ఉంటారు. గొట్టం అంగిలిని నొక్కకుండా అంటించడం, ఆనే పక్కను మార్చడం, తల అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం నర్సింగ్‌లో భాగమే. అంగిలికి రక్షణగా చిన్న ప్లేటు అమర్చే పద్ధతి కూడా ఉంది, అన్ని చోట్లా చేయరు.

అన్నింటికంటే ముందున్న జాగ్రత్త బీబీపేటలోనే మొదలవుతుంది. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వస్తే తల్లికి ఇచ్చే డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తాయి. 12 గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు. పెద్దాసుపత్రికి పంపే ముందే మొదటి డోసు ఇవ్వవచ్చని 2014లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి "ఇంకా నెలలు ఉన్నాయి, గ్యాస్ నొప్పేమో" అని రాత్రంతా ఇంట్లో ఆగడం ఖరీదైన పని. పీహెచ్‌సీలో ఆ ఇంజెక్షన్ గురించి నోరు తెరిచి అడగాలి.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ రోజు ఒక పని మర్చిపోవద్దు. గొట్టం నోటి నుంచా ముక్కు నుంచా, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు మార్చారు అనేవి కాగితంలో రాయించుకోవాలి. దాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవాలి. బీడీల పని, పొగ ఉన్న గది నుంచి బిడ్డను దూరంగా ఉంచాలి, అసలే బలహీనమైన ఊపిరితిత్తులు.

పళ్లు రాకముందు రోజూ శుభ్రమైన తడి గుడ్డతో చిగుళ్లు తుడవాలి. మొదటి పన్ను నుంచే మెత్తటి బ్రష్, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు. మూడేళ్ల తర్వాత బఠాణీ గింజంత. గుంట పడిన పన్నుకు డెంటిస్ట్ ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం, పన్ను రంగు సిమెంటు నింపడం, అవసరమైతే చిన్న క్యాప్ వేయడం చేస్తారు. తొందరగా పోతే ఇవన్నీ చిన్న పనులే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగిలి చీలిక, పళ్ల సమస్యలు, నెలలు నిండని పిల్లల కంటి జబ్బు కూడా ఉన్నాయి. దీని కింద జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్స కేంద్రాల్లో డెంటిస్ట్, స్పీచ్ థెరపిస్టు ఉండాలని నిబంధన. ఆశా కార్యకర్తను గానీ అంగన్‌వాడీకి వచ్చే వైద్య బృందాన్ని గానీ అడిగితే ఎక్కడికి పోవాలో రాసిస్తారు. కేసు పెద్దదైతే నిజామాబాద్‌లో డెంటల్ కాలేజీ ఉంది, హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. 1953 నుంచి మహిళలు, పిల్లల కోసం నడుస్తున్న నీలోఫర్ ఆసుపత్రికి చెకప్‌కు పోయే కుటుంబాలు అదే రోజు అఫ్జల్‌గంజ్ పని కూడా చూసుకుంటే ఒక ప్రయాణం తగ్గుతుంది.

పై ముందు పాల పళ్లు ఆరేడేళ్లకు ఊడిపోతాయి. వాటి స్థానంలో వచ్చే శాశ్వత పళ్ల ఎనామెల్ పుట్టాక మూడు నాలుగు నెలలకు గానీ మొదలవదు. కాబట్టి గొట్టం ప్రభావం వాటి దాకా పోకపోవచ్చు. ఆరేళ్లకు వెనక వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను సంగతి వేరు. దాని తయారీ సరిగ్గా పుట్టే సమయానికే మొదలవుతుంది. కాబట్టి ఎన్‌ఐసీయూ రోజుల జబ్బుల ముద్ర దాని మీద పడొచ్చు. అది పాల పన్ను ఊడకుండానే వెనక నుంచి వస్తుంది, చాలామంది గమనించరు. ఆరేళ్లు రాగానే ఒకసారి నోరు తెరిపించి చూడాలి. తెల్లటి, పసుపు మచ్చలు ఉంటే, చల్లటి నీళ్లకు జివ్వుమంటోందని బిడ్డ చెప్తే, ఆ పాత డిశ్చార్జ్ ఫొటో తీసుకుని డెంటిస్ట్ దగ్గరికి పోవాలి. పై దవడ ఇరుకుగా ఉందా, దాన్ని వెడల్పు చేసే క్లిప్ అవసరమా అన్నది కూడా ఏడెనిమిదేళ్ల వయసులోనే తేలుతుంది.